రేవు

గుయాకిల్‌లో రెండు రేవులు.
ఒకటి ఓడలది. క్రేన్లు పొద్దూ మాపూ వంగి లేస్తుంటాయి.
అరటిపెట్టెలు సముద్రం దాటి ఆంట్వెర్ప్ వెళతాయి,
అత్తాల అడుగున ఇంకేదో కూడా వెళుతుంది.
రెండోది మా బ్యాంకు.
చాకిరేవు.
బండ ఉండదు, ఏసీ ఉంటుంది,
చప్పుడు కాకుండా ఉతుకుతాం.

నాది నాలుగో కౌంటరు.
మంగళవారం పదింటికి రొయ్యల కంపెనీవాడొస్తాడు.
చెరువు లేని రొయ్యలు, ఏ వలనూ తడపని రొయ్యలు.
లెక్కపెట్టే యంత్రం వేడెక్కి ఆగిపోతే
మూత తీసి ఫైలుతో విసురుతాను, చంటిపిల్లకి విసిరినట్టు.
నోట్లకి డీజిల్ వాసన, తడిసిన అట్టపెట్టె వాసన,
ఒక్కోసారి పేరు పెట్టలేని ఇంకో వాసన.
మేనేజరు సెవాయోస్ మేడ దిగొచ్చి
తనే కాఫీ కలిపి ఇస్తాడు వాడికి,
చక్కెర రెండున్నర చెంచాలని గుర్తే.
"సొమ్ము ఎక్కడిది" అన్న గడిలో
"రొయ్యలు" అని రాస్తాను.
మూడక్షరాలు. ఆరేళ్లుగా ఒకటే దస్తూరి.
వారం తిరిగేలోగా ఆ డబ్బు
ఎక్కడో మునిగి, ఇంకెక్కడో తేలి,
మడి కట్టుకుని తిరిగొస్తుంది
మా కొత్త మెట్లకి పాలరాయిగా.

తిలాపాపం తలా పిడికెడంటారు.
నా పిడికెడు ఒకటో తారీఖున పడుతుంది, పన్ను పోగా.

నా చొక్కాలు ఉతికేది నార్సీసా తోమాలా,
గువాస్మోలో, రేకుల వెనక, సిమెంటు తొట్టి దగ్గర.
బ్లీచింగు తినేసిన వేళ్లు.
ఫోను మీద బొటనవేలు ఆనిస్తే
"మళ్లీ ప్రయత్నించండి" అంటుంది ఫోను.
ఊరందరి మరకలూ వదిలించి వదిలించి
తన ముద్రే వదిలిపోయింది.
అయినా నాణేల డబ్బా మోసుకొచ్చినప్పుడు
ఆ కిటికీ మూసేశాం, ఫోనులో వేయించుకో అమ్మా, భద్రం, అన్నాం.
భద్రమే మరి.
ఆమె కొన్న సబ్బు, ఎక్కిన బస్సు,
గురువారం రెండుసార్లు కొన్న తలనొప్పి మాత్ర
మా దగ్గర ఎంతో భద్రం.

మార్చిలో ఆమె మేనల్లుడు యాండ్రి.
పంతొమ్మిదేళ్లు. కంటైనర్లకు సీలు వేసే పని.
వేసిన సీలు విప్పి మళ్లీ వేయమన్నారు,
ఒకసారి వేశాడు.
రెండోసారి వేయనన్నాడు.

ఆ మంగళవారం రొయ్యలు రెండు పెట్టెలు ఎక్కువొచ్చాయి.

శవపేటిక కోసం వీధి వీధంతా కదిలింది.
రెండు డాలర్లు, ఒకటిన్నర, ఎనభై సెంట్లు...
ఒక్క రాత్రిలో నలభైముగ్గురు ఆమె ఫోనుకి పంపారు.
అంతా కలిపి తొంభైఒక్క డాలర్లు.
తెల్లారేసరికి నా తెర మీద ఎర్రదీపం:
చిన్న మొత్తాలు, పెక్కుమంది, అర్ధరాత్రి.
అనుమానాస్పదం. మూలం తెలపండి.
అదే గడి.
"ఏడుపు" అని కొట్టాను. అదీ మూడక్షరాలే.
యంత్రం ఒప్పుకోలేదు.
ఖాతా ఆపే మీట, ఎవరో నొక్కారని చెప్పను,
నేనే నొక్కాను.
వెనక సెవాయోస్ కాఫీకి నీళ్లు పెడుతున్నాడు.

పేటిక అప్పు మీద వచ్చింది.

శనివారం చొక్కాలు తెచ్చింది నార్సీసా.
ఐదూ తెలుపే, మడతలు కత్తిలా ఉన్నాయి.
ఎప్పుడు తెరుస్తారని అడుగుతుందనుకున్నాను,
వారం నుంచీ దానికి జవాబు కుట్టుకుంటున్నాను.
అడగలేదు.
కొంగు లేని ఆ గౌను జేబులోంచి
ఒక యాభై సెంట్ల బిళ్ల తీసి
బల్ల మీద పెట్టింది, బొమ్మవైపు పైకి.

"మీ చొక్కాలో ఉండిపోయింది.
నీళ్లల్లో బాగా తెల్లబడింది చూడండి.
ఎక్కడిదో
నేనైతే అడగను."